పదిహేనేళ్ల ఆటగాడికి ప్రోటీన్ డబ్బా కావాలా?

యాభై కిలోల బరువున్న పదిహేనేళ్ల కబడ్డీ ఆటగాడికి రోజుకు ఎంత ప్రోటీన్ కావాలి? గట్టిగా సాధన చేసేవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాములు చాలని క్రీడా పోషకాహార నిపుణుల లెక్క. అంటే 60 నుంచి 100 గ్రాములు. 75 అనుకుని ఇంటి తిండి కూడి చూడండి. రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, అర లీటరు పాలలో 16, నలభై గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పులో 9, గుప్పెడు పల్లీల్లో 7, గిన్నెడు పెరుగులో 4. అన్నం, ఇడ్లీ, చపాతీలకు రోజంతా కలిపి 300 గ్రాముల బియ్యం, పిండి పట్టినా మరో 24 వస్తాయి. మొత్తం 72. కోడికూర వండిన రోజు వంద గ్రాముల ముక్కలు తింటే ఇంకో 20 చేరతాయి. మాంసం ముట్టని ఇళ్లలో ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌తో 15 వస్తాయి. వేలు పోసి కొన్న డబ్బాలోని ఒక స్కూపు పొడి ఇచ్చేది సుమారు 24 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పాయి.

మరి పిల్లాడు ఎందుకు నీరసపడుతున్నాడు, బరువు ఎందుకు పెరగడం లేదు? చాలా ఇళ్లలో అసలు లోటు ప్రోటీన్‌ది కాదు, మొత్తం తిండిది. తెల్లవారకముందే ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కి వెళతాడు. తిరిగొచ్చి, బడికి టైమవుతోందని గబగబా రెండు ఇడ్లీలు మింగుతాడు. సాయంత్రం మళ్లీ రెండు గంటల ప్రాక్టీసు. ఒంటికి చాలినంత శక్తి అందనప్పుడు శరీరం ప్రోటీన్‌ను కండకు మిగల్చదు, ఇంధనంగా కాల్చేస్తుంది. అలాంటప్పుడు పొడి పోసినా అదీ ఆ మంటలోకే పోతుంది.

కాబట్టి ముందు మార్చాల్సింది వేళలు. ప్రాక్టీసుకు అరగంట ముందు ఒక అరటిపండో, పల్లీ చిక్కీయో తినాలి. అయిపోయిన గంటలోపు కడుపు నిండా టిఫిను, దాంతోపాటు కిలో బరువుకు 0.3 గ్రాముల చొప్పున ప్రోటీన్ పడాలి. యాభై కిలోలవాడికి ఇది 15 గ్రాములు, అంటే రెండు గుడ్లు, ఒక చిన్న గ్లాసు పాలు. సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లేముందు గుగ్గిళ్లు పెడతారు కొందరు. మంచి తిండే, కానీ పీచు ఎక్కువ కాబట్టి పరుగుకు కనీసం రెండు గంటల ముందే తినిపించాలి, లేకపోతే కడుపు పట్టేస్తుంది. నెలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టండి. ఎదిగే వయసులో బరువు తగ్గుతున్నా, ఆడపిల్లకు మూడు నెలలుగా నెలసరి రాకపోయినా, కాలి ఎముకలో ఒకేచోట నొప్పి మళ్లీమళ్లీ వస్తున్నా శక్తి చాలడం లేదేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి.

కండకు తక్షణ శక్తి కోసమని అమ్మే క్రియాటిన్ పొడి సంగతి వేరు. పెద్దవాళ్లలో రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే కొన్ని సెకన్ల పాటు సాగే పేలుడు లాంటి శ్రమకు నిజంగానే పనికొస్తుంది. పద్దెనిమిది లోపు పిల్లల మీద దీర్ఘకాలిక పరిశోధనలు తక్కువ. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఈ వయసుకు వద్దంటుంది. ఆ జాగ్రత్త సరైనదే.

నేను అసలు సహించలేనిది ప్రీ-వర్కౌట్ పొడి, అంటే ప్రాక్టీసుకు ముందు హుషారు కోసం తాగే కెఫీన్ పొడి. టీనేజీ పిల్లలకు రోజంతా కలిపి 100 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. ఈ పొడుల్లో చాలావాటికి ఒక్క స్కూపులోనే 200 నుంచి 300 ఉంటుంది. గుండె దడ, చేతుల వణుకు, ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే. ఎదిగే పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ నిద్రనే ఈ పొడి దోచుకుంటుంది. నీళ్లు కలపకుండా పొడిని నోట్లో పోసుకోవడం మరీ ప్రమాదం.

డబ్బా మీద రాసిందే లోపల ఉందా? ప్రోటీన్‌ను మామూలుగా నేరుగా కొలవరు. పొడిలోని నైట్రోజన్‌ను కొలిచి 6.25తో హెచ్చిస్తారు. గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపినా నైట్రోజన్ పెరుగుతుంది, లేబుల్ మీద అంకె పెరుగుతుంది, కండకు మాత్రం ఒరిగేదేమీ ఉండదు. మన దేశంలో అమ్మే 36 రకాల పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రోటీన్ అంకెలు తప్పని తేలింది. కొన్నింటిలో రాసినదాంట్లో సగమే ఉంది. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు తయారీదారుకు అనుమతి ఉందని చెబుతుంది. ఆ డబ్బాలో నిషేధిత మందు లేదని చెప్పదు.

ఈ తేడా ఆటగాడి బతుకు మీదకు తెస్తుంది. జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 2000-01లో 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే 94 వాటిలో లేబుల్ మీద లేని హార్మోన్ పదార్థాలు దొరికాయి. అమెరికా ఈతగత్తె జెస్సికా హార్డీ ఒంట్లో క్లెన్‌బ్యూటరాల్ అనే నిషేధిత మందు దొరికి 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు దూరమైంది. కలుషితమైన సప్లిమెంటే కారణమని తర్వాత ఒప్పుకుని శిక్ష తగ్గించారు, పోయిన ఒలింపిక్స్ తిరిగి రాలేదు. దగ్గు మందులో ఉండే టెర్బుటలిన్ అనే నిషేధిత పదార్థం వల్ల పందొమ్మిదేళ్ల క్రికెటర్ పృథ్వీ షా 2019లో ఎనిమిది నెలలు నిషేధంలో ఉన్నాడు. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. కోచ్ ఇచ్చాడన్నా, జిమ్‌లో అన్న ఇచ్చాడన్నా ఫలితం రద్దవుతుంది.

సప్లిమెంటు నిజంగా అవసరమయ్యే పిల్లలూ ఉన్నారు. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరుగెత్తే అమ్మాయికి ఆయాసం పెరిగితే హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వలను చూపే ఫెర్రిటిన్ కూడా చూడాలి. హిమోగ్లోబిన్ పడిపోకముందే నిల్వలు అడుగంటుతాయి. తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ మాత్రలు వాడాలి, వాటితో పాటు టీ తాగకూడదు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయనివ్వకండి. శాకాహారులకు బి12, ఎండ తగలకుండా ఇండోర్ ఆటలాడేవాళ్లకు విటమిన్ డి పరీక్షలు ఉపయోగపడతాయి.

గంటలోపు ప్రాక్టీసుకు మంచినీళ్లు చాలు. ఎండలో అంతకు మించితే లీటరు నీళ్లలో 60 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, నిమ్మరసం కలిపి గుక్కగుక్కగా తాగించండి.

డాక్టరు సలహాతోనే ఏదైనా డబ్బా కొనాల్సి వస్తే, నిషేధిత పదార్థాల కోసం ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించినట్టు ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి ముద్ర ఉన్నదే తీసుకుని, ఆ బ్యాచ్ నంబరును వాళ్ల వెబ్‌సైటులో సరిచూసుకోండి. బిల్లు, ఖాళీ డబ్బా, అడుగున కాస్త పొడి దాచండి. డోపింగ్ పరీక్ష ఫారంలో గత ఏడు రోజుల్లో మింగిన ప్రతి మాత్ర, తాగిన ప్రతి పొడి పేరు రాయించండి. కలుషితమైన సరుకని రుజువైతే శిక్ష మందలింపు దాకా తగ్గే వీలుంది, రుజువు చేయాల్సింది మాత్రం ఆటగాడే.