స్మారకమంటే విగ్రహమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ పాత చిత్తూరు జిల్లాలోని వీరగల్లులను (పోరాడి చనిపోయినవారి జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళను), శాసనాలను నమోదు చేసే మాలాంటివారికి ఇతర దేశాల స్మారక నిర్వాహకులతో సంప్రదింపులు ఇప్పుడు వృత్తిలో భాగమైపోయాయి. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మన ప్రాంతంలో ఎదురయ్యే అభిప్రాయాలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: స్మారకమంటే కూడలిలో నిలబెట్టే పెద్దమనిషి విగ్రహం. సామాన్యులను స్మరించడం విదేశాల నుంచి వచ్చిన కొత్త ఆలోచన.

వాస్తవం: బాణులు, వైదుంబులు, నొలంబులు అనే పాత రాజవంశాలవారు తలపడిన ఈ సీమలో పొలం గట్టున, చెరువు కట్ట మీద కనిపించే వీరగల్లుల్లో అనేకం రాజులవి కావు. శత్రువులు తోలుకుపోతున్న పశువుల మందను విడిపించబోయి పడిపోయినవాడికి, పులితోనో పందితోనో పెనుగులాడి చనిపోయినవాడికి ఊరివాళ్ళో, ఏలికో రాయి నిలిపారు. ‘పొడిచి పడియె’ (పోరాడి పడిపోయాడు) అని రెండు మాటల్లో ముగిసే ఆ రాతలు సరిహద్దు సీమ కాబట్టి తెలుగులోనూ, తమిళంలోనూ, కన్నడంలోనూ దొరుకుతాయి. అలాగని మన పూర్వులు అందరినీ సమంగా గుర్తుంచుకున్నారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆడవాళ్ళు ఈ రాళ్ళ మీద ఎక్కువగా అప్సరసలుగానో, సతులుగానో కనిపిస్తారే తప్ప తమ పేరుతో కనిపించడం అరుదు.

అపోహ: చనిపోయినవారి పేర్లన్నీ చెక్కితే అందరినీ కలుపుకున్నట్టే.

వాస్తవం: ఏ పేరు జాబితాకు ఎక్కింది, ఏ వరుసలో ఎక్కింది అన్నదే అసలు ప్రశ్న. హోదా, జాతి, మతం అన్న భేదం లేకుండా ప్రతి సైనికుణ్ణీ ఒకేలా స్మరించాలన్న నియమంతో 1917లో బ్రిటిష్ సామ్రాజ్యం ఒక యుద్ధ సమాధుల సంఘాన్ని స్థాపించింది. దాని వారసురాలైన కామన్వెల్త్ సంస్థ తన పాత దస్త్రాలను తానే తిరగేయించి 2021లో ఒక నివేదిక ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారిలో సుమారు 45,000 నుంచి 54,000 మందిని, ప్రధానంగా భారతీయులను, ఆఫ్రికన్లను, ఈజిప్షియన్లను, మిగిలినవారితో సమానంగా స్మరించలేదనీ, కనీసం మరో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణ గానీ, అసలు స్మరణే గానీ దక్కలేదనీ అందులో అంగీకరించింది. నియమం కాగితం మీద సమంగానే ఉంది. జాబితా రాసిన చేతులే ఎంచి రాశాయి. నా దృష్టిలో ఇటీవలి కాలంలో ఈ వృత్తికి దక్కిన అత్యంత విలువైన పత్రం అదే.

వరుస సంగతికి వస్తే, 1982లో వాషింగ్టన్‌లో నిర్మించిన వియత్నాం యుద్ధ స్మారకం మీద 58,000కు పైగా పేర్లు హోదా ప్రకారమో అక్షర క్రమంలోనో కాక, వారు యుద్ధంలో కూలిన లేదా గల్లంతైన తేదీల వరుసలో ఉంటాయి. అందువల్ల ఒకే రోజు కూలిన స్నేహితులు ఆ గోడ మీద కూడా పక్కపక్కనే ఉండిపోయారు. చూసేవారి ముఖం ప్రతిబింబించే ఆ నల్ల గ్రానైటు వెళ్ళింది మన పొరుగునే ఉన్న బెంగళూరు నుంచి. ఈ మాట చెబితే కుప్పం క్వారీల గురించి తెలిసినవాళ్ళు ఆశ్చర్యపోరు.

అపోహ: అందరికీ అందుబాటు అంటే ర్యాంపు కట్టడం.

వాస్తవం: ర్యాంపు ఉండాల్సిందే, కానీ అది గుమ్మం వరకే తీసుకువెళుతుంది. వికలాంగులను, మానసిక రోగులను నాజీలు చంపిన పథకానికి కార్యాలయమైన బెర్లిన్‌లోని స్థలంలో 2014లో 24 మీటర్ల పొడవైన నీలి గాజు గోడతో స్మారకం కట్టినప్పుడు, దాని కథను సులభ భాషలో, బ్రెయిలీలో, సంజ్ఞా భాషలో కూడా అమర్చారు. ఎవరి చావును స్మరిస్తున్నారో అటువంటివారికే చదవడానికి వీలుకాని స్మారకం కడితే అంతకు మించిన వింత ఉండదు.

అపోహ: ఇతర దేశాల నిర్వాహకులతో సంప్రదింపులంటే అక్కడి నమూనాను తెచ్చి ఇక్కడ పెట్టుకోవడమే.

వాస్తవం: జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్‌నిగ్ 1992లో మొదలుపెట్టిన స్మృతి రాళ్ళనే తీసుకోండి. నాజీల చేతిలో బలైనవారు చివరగా స్వేచ్ఛతో నివసించిన ఇంటి ముందు, నడిచే దారిలో, పేరు చెక్కిన 10 సెంటీమీటర్ల ఇత్తడి పలకను పొదుగుతారు. 2023 నాటికి అవి లక్షకు చేరాయి. పేరు చదవాలంటే తల వంచాలి కదా అన్నది దాన్ని మెచ్చేవారి వాదన. మరి మన ఊళ్ళో చనిపోయినవారి పేరు కాలికింద పెడతామంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒప్పుకోరనే తొందరపడి అనుకుంటాం. కానీ మన గుళ్ళ నేల మీదే సాష్టాంగపడిన భక్తుల రూపాలు చెక్కి ఉంటాయి, పదిమంది పాదధూళి తమ మీద పడాలని వారు కోరుకున్నారు కాబట్టి. తేడా కాలిలో లేదు, కోరికలో ఉంది: భక్తుడు తానై పడుకున్నాడు, హతుణ్ణి అడిగినవారు లేరు. జర్మనీలోనే మ్యూనిక్ నగరం ఇదే అభ్యంతరంతో బహిరంగ దారుల్లో ఆ రాళ్ళను అనుమతించక, 2018 నుంచి గోడల మీద, స్తంభాల మీద కంటి ఎత్తున ఫలకాలు పెడుతోంది. కాబట్టి మనం అరువు తెచ్చుకోవలసింది ఇత్తడి పలకను కాదు, ఆ రెండు పక్షాలూ ఏళ్ళ తరబడి బహిరంగంగా సాగించిన వాదనను.

అపోహ: బాధపెట్టే గతాన్ని కదపకపోవడమే మంచిది.

వాస్తవం: సతీకల్లు (భర్త చితిలో దహనమైన స్త్రీకి నిలిపిన రాయి) పక్కన బోర్డు రాయవలసి వచ్చినప్పుడు ఈ సలహా పనికిరాదు. గాజుల చేయి పైకెత్తి ఉన్న ఆ రాయిని ‘త్యాగానికి ప్రతీక’ అని రాస్తే 1987 నాటి సతీ నిరోధక చట్టం వద్దన్న మహిమీకరణ వైపే జారుతాం. ఏమీ రాయకపోతే చూసేవారు ఆ మాటే తమంతట అనుకుంటారు. భర్త మరణించాక ఈమెను దహించారని, ఈమె పేరును రాయి మీద రాయలేదని ఉన్నదున్నట్టు రాయడమే నేను సూచించే పద్ధతి.

అపోహ: రాయి కదా, దానంతట అదే నిలుస్తుంది.

వాస్తవం: నిలవదు. శాసనాల చివర ‘దీన్ని చెరిపినవాడు వారణాసిలో ఆవును చంపిన పాపాన పోతాడు’ అన్న శాపవాక్యాలు ఊరికే రాయలేదు. ఇప్పటి ముప్పు మాత్రం ద్వేషం కంటే భక్తి వల్లే ఎక్కువ: వీరగల్లునే దేవుడిగా కొలిచే గుడిలో ఆ రాతికి ఏటా వేసే ఎనామిల్ రంగు అక్షరాల గాడిలో గట్టిపడి, కాగితం అద్ది నకలు తీయడానికి కూడా వీలులేకుండా చేస్తుంది. ఇనుప బ్రష్షుతో గీకడం, ఆమ్లం పోయడం ఆ రంగు కంటే చేటు. మంచినీళ్ళు, మెత్తని బ్రష్షు, సాయంత్రం పక్కవాటుగా పడే ఎండ ఉంటే చాలా అక్షరాలు బయటపడతాయి. పూజ మానమని అడగడం మా పని కాదు. పసుపు, కుంకుమ బొమ్మకు పెట్టుకుని రాత ఉన్న వైపు రంగు వేయకుండా వదలమని పూజారితో, ఊరిపెద్దలతో ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.