దామోదర్ వరద: గేట్ల గొడవ వెనుక అసలు లెక్క

వానాకాలం వచ్చిందంటే దామోదర్ నది దిగువన హౌరా, హుగ్లీ జిల్లాల్లో టెన్షన్ మొదలవుతుంది. ఎగువన మైథాన్, పంచేత్ డ్యాముల నుంచి ఎంత నీరు వదిలారన్నదే అక్కడ పెద్ద వార్త. ఒక్కసారిగా వదిలి ఊళ్లు ముంచారని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అంటుంది. వదలకపోతే డ్యాములకే ముప్పని వాటిని నిర్వహించే దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ అంటుంది. 2024 సెప్టెంబరులోనూ ఇదే వాదన జరిగింది. కానీ ఈ తగువు గేట్ల దగ్గర పుట్టింది కాదు.

1943 జులైలో బర్ద్వాన్ దగ్గర దామోదర్ ఎడమ కట్టకు గండి పడింది. రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు తెగిపోయాయి. ఒకవైపు ప్రపంచ యుద్ధం, మరోవైపు బెంగాల్‌లో ఆకలి చావులు. అలాంటి సమయంలో కలకత్తాకు దారి మూసుకుపోయేసరికి ప్రభుత్వం కదిలింది. బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. అందులో సభ్యుడైన శాస్త్రవేత్త మేఘనాద్ సాహా, కట్టలు పెంచుకుంటూ పోతే లాభం లేదని, నదిని పుట్టుక నుంచి మొత్తంగా చూడాలని వాదించారు. అప్పట్లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ ఈ ఆలోచనను ముందుకు నడిపించారు. అమెరికాలోని టెనెసీ లోయలో పనిచేసిన ఇంజినీరు వూర్దుయిన్‌ను రప్పించారు.

ఆయన వేసిన లెక్క ఇది: 10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా దిగువకు రెండున్నర లక్షలు మించి పోకూడదు. అందుకు ఎనిమిది ఆనకట్టలు కావాలి. 1948లో కార్పొరేషన్ ఏర్పడింది. తిలైయా 1953లో, కోనార్ 1955లో, మైథాన్ 1957లో, పంచేత్ 1959లో పూర్తయ్యాయి. అక్కడితో ఆగిపోయింది.

సాగుకూ కరెంటుకూ జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే ఖాళీగా ఉండాలి. ఒకే డ్యాముతో రెండూ సాధించాలంటే పైభాగంలో కొంత జాగాను వరద కోసమే వదిలిపెట్టాలి. నీరు ఆ ఎత్తుకు చేరితే మునిగే భూమిని ముందే సేకరించాలి. మైథాన్, పంచేత్‌ల దగ్గర ఆ సేకరణ పూర్తిగా జరగలేదు. మునిగేది బిహార్ (ఇప్పటి జార్ఖండ్) భూమి, బాగుపడేది బెంగాల్ అన్న భావన అందుకు అడ్డుపడింది. ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిన సంథాల్ గిరిజన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు అంత పోగొట్టుకున్నా దిగువన జనానికి ఇస్తామన్న రక్షణ సగమే దక్కిందంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

తర్వాత మిగిలిన జాగాలోనూ పూడిక చేరింది. దిగువన నది కూడా ఇరుకైంది. చిన్న వరదలు ఆగిపోవడంతో పాయలు మేట వేశాయి, నది ఒడిలోకి పొలాలూ ఇళ్లూ వచ్చాయి. అందుకే ఒకప్పుడు ఇమిడిపోయిన నీరే ఇప్పుడు ఊళ్ల మీద పడుతోంది. తేనూఘాట్ దగ్గర బిహార్ ప్రభుత్వం డ్యాం కట్టింది కానీ, అందులో వరదకంటూ జాగా కేటాయించలేదు. అనుకున్న ఎనిమిదిలో ఒకటైన బల్పహాడీ డ్యాం ఇప్పటికీ కాగితాల మీదే ఉంది.