వెన్న కరిగేలోగా

పోయిన మే నెలలో మా ఇంటికి పదిమంది రాత్రి భోజనానికి వచ్చారు. వడ్డనకు ముందు కబుర్లాడుకుంటూ తినడానికి చిన్న చిన్న కర్రీ పఫ్‌లు చేద్దామనుకున్నాను. సూపర్‌మార్కెట్ నుంచి ఫ్రోజెన్ పఫ్ షీట్లు తెచ్చి గట్టు మీద పెట్టి, ఉల్లిపాయలు తరిగి, బంగాళాదుంప కూర చేసి, అది చల్లారేదాకా ఆగాను. అప్పటికి షీటు చేతికి జిడ్డుగా అంటుకుంటోంది. టైమ్ లేదు కదా అని అలాగే ముక్కలు కోసి, కూర పెట్టి, ఓవెన్‌లో పెట్టేశాను. బయటికి తీస్తే ట్రేలో కరిగిన వెన్న మడుగు కట్టి ఉంది. అందులో అట్టకట్టిన బిస్కెట్ల లాంటివి పన్నెండు. చాలా బాధనిపించింది. మళ్లీ చలికాలంలో అదే రకం షీటుతో, అదే కూరతో చేస్తే బేకరీ పఫ్‌లలా పొంగాయి. మధ్యలో మారింది గట్టు మీద వేడి ఒక్కటే.

ఆ వేడి ఏం చేసిందో తెలియాలంటే ముందు మనకు బాగా తెలిసిన పని ఒకటి గుర్తు చేసుకోవాలి. కజ్జికాయలకు, గవ్వలకు మైదా కలిపేటప్పుడు వేడి నెయ్యి పోసి పిండంతా నలుపుతాం. ఎందుకని అడిగితే 'గుల్లగా రావాలి కదా' అంటారు పెద్దవాళ్లు. మైదాలో గ్లుటెనిన్, గ్లయాడిన్ అనే ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలితే ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని సాగే వలలా అల్లుకుంటాయి. ఆ వల పేరే గ్లూటెన్. నెయ్యి ముందే పిండి రేణువులకు పట్టేస్తే నీళ్లు వాటికి సరిగా అందవు, వల గట్టిపడదు. అందుకే కజ్జికాయ కొరకగానే పొడిపొడిగా విరుగుతుంది.

పఫ్‌లో పని దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడ కొవ్వు పిండిలో కలవకూడదు. పిండికి, పిండికి మధ్య గోడలా నిలబడాలి. మడత కాజాకు పల్చగా వత్తిన పిండి మీద నెయ్యి రాసి, పొడిపిండి చల్లి చుడతామే, ఆలోచన అదే. పఫ్‌లో ఆ ఆలోచనను చాలా దూరం తీసుకెళ్లారు. పిండి రేకులో చల్లటి వెన్న పలకను పెట్టి మూసి, వత్తి, ఉత్తరాన్ని మడిచినట్టు మూడు మడతలు వేస్తారు. మళ్లీ వత్తి మళ్లీ మూడు మడతలు. ఒక వెన్న పొర మొదట 3 అవుతుంది, తర్వాత 9, 27, 81. పాత ఫ్రెంచి పద్ధతిలో ఇలా ఆరుసార్లు చేస్తారు, అప్పుడు 729. వాటన్నిటినీ 3 మిల్లీమీటర్ల మందానికి వత్తితే ఒక్కో పిండి పొర, వెన్న పొర జంట మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఇంట్లో చేసేవాళ్లకు నాలుగుసార్లు చాలు. అంతకు మించి వత్తితే పొరలు చిరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే ప్రమాదమే ఎక్కువ.

పొంగించేది నీటి ఆవిరి. పఫ్‌లో ఈస్ట్ ఉండదు, వంట సోడా అవసరం లేదు. ఒక గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు కావాలి. పిండిలో నీరు ఎలాగూ ఉంది. దుకాణంలో కొనే వెన్నలోనూ దాదాపు 16 శాతం నీరే. ఓవెన్ 200 డిగ్రీల మీద ఉంటే ఈ నీరంతా ఒక్కసారిగా ఆవిరై పైకి రావాలని చూస్తుంది. వెన్న పొర దాన్ని కాసేపు ఆపుతుంది, సాగే గ్లూటెన్ పొర దాన్ని మోస్తూ పైకి లేస్తుంది. ఈలోగా మైదాలోని పిండి పదార్థం ఉడికి, తడి ఆరి, లేచిన పొర లేచినట్టే గట్టిపడుతుంది. ఓవెన్ సరిగా వేడెక్కకముందే ట్రే పెట్టేస్తే వెన్న ముందే కరిగి కారిపోతుంది. ఆవిరి పుట్టే వేళకు దాన్ని ఆపే గోడ ఉండదు.

ఓవెన్ అద్దంలోంచి ఒకసారి కూర్చుని చూడండి. మొదటి నాలుగైదు నిమిషాలు ఏమీ జరగదు, కాస్త మెరుపు వస్తుందంతే. తర్వాత కోసిన అంచు దగ్గర సన్నటి గీతలు కనిపిస్తాయి. తడిసి ఆరిన పుస్తకం అంచులాగా ఆ గీతలు విడివడటం మొదలవుతుంది. మధ్యలో వెన్న చిటపటలాడుతూ చిన్న బుడగలు వేస్తుంది. పది నిమిషాలకు పఫ్ ఒకపక్కకు ఒరుగుతూ రెండింతలు, మూడింతలు లేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

మళ్లీ నా మే నెల పఫ్‌ల దగ్గరికి వస్తాను. వెన్న వంగాలి కానీ కారకూడదు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న గట్టిగా ఉండి, వత్తితే పగిలి పిండిని చీలుస్తుంది. సుమారు 13 నుంచి 18 డిగ్రీల మధ్య మైనంలా వంగుతుంది. 20 దాటితే మెత్తబడుతుంది, 32 దాటాక కరుగుతుంది. ఎండాకాలంలో మన వంటగది గట్టు ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. కరిగిన వెన్న పిండిలోకి ఇంకితే పొరలు పోయి, కజ్జికాయ పిండిలాగే తయారవుతుంది. అందుకే షీటును ముందురోజే డీప్ ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చి, కూర పూర్తిగా చల్లారాకే బయటికి తీయాలి. ముక్కలు కోసి, మడిచి, ట్రేతో సహా మళ్లీ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే వెన్న గట్టిపడుతుంది, లాగిన గ్లూటెన్ కూడా సడలుతుంది. అలా చేయకపోతే పఫ్ కుంచించుకుపోతుంది.

మరి ఇంత వేడిలో మన బేకరీలవాళ్లు ఎలా చేస్తున్నారు? చాలాచోట్ల వాడేది వెన్న కాదు, నూనెలతో చేసే, ఎక్కువ వేడికి గానీ కరగని బేకరీ మార్జరిన్. పనికి అది చాలా సులువు. కానీ మన ఒంటి వేడికి పూర్తిగా కరగనిది నోట్లోనూ కరగదు. కొన్ని పఫ్‌లు తిన్నాక అంగిలికి మైనం పూసినట్టు ఉండేది అందుకే. ఇలాంటి కొవ్వుల్లో ఒకప్పుడు గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ ఎక్కువగా ఉండేది. 2022 నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి పరిమితం చేశారు. షీటు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఏ కొవ్వు వాడారో చూడటం మంచిదని నా అభిప్రాయం.

కోయడానికి పదునైన చాకు కావాలి. మొండిదైతే అంచు నలిగి పొరలు అతుక్కుంటాయి. పైన గుడ్డు సొన రాసేటప్పుడు అంచుల మీదికి కారనివ్వకండి, అది జిగురులా పట్టేసి పొరల్ని లేవనివ్వదు. సొనలోని ప్రొటీన్, కాస్త చక్కెర వేడికి కలిసి ఆ ఎర్రటి రంగు, కమ్మటి వాసన తెస్తాయి. ఈ చర్యను 1912లో మొదట వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే పిలుస్తున్నారు. గుడ్డు తినని ఇళ్లలో పాలు రాస్తే సరిపోతుంది, రంగు కొంచెం తగ్గుతుందంతే.

కూరలో తడి ఉంటే అడుగు మెత్తబడుతుంది. ఉల్లి మసాలా నీరంతా ఇగిరేదాకా వేయించాలి. ఈ తడి గొడవ చూశాకే నాకు మన పొడులు గుర్తొచ్చాయి. షీటు మీద పల్చగా పాలు రాసి, కందిపొడి, తురిమిన చీజ్ చల్లి, వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి మెలితిప్పండి. 200 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు చాలు. నువ్వుల కారం ఇంకా బాగుంటుంది. లోపల తడి కూర లేదు కాబట్టి చివరిదాకా కరకరలాడతాయి. అతిథులకు మొదటిసారి చేసేవాళ్లు కూర పఫ్‌ల కంటే వీటితో మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

మధ్యాహ్నమే కాల్చి పెట్టుకున్న పఫ్‌లైతే అతిథులు వచ్చాక మైక్రోవేవ్‌లో పెట్టకండి. కూరలోని తడి ఆవిరై పొరల్లోకి ఎక్కి మెత్తబడిపోతాయి. ఓవెన్‌ను 180 డిగ్రీలకు వేడి చేసి ఆరు నిమిషాలు ఉంచితే ఆ తడి బయటికి పోయి, మళ్లీ పట్టుకోగానే రాలేటట్టు అవుతాయి.