సహజ హార్మోన్లు, కీమోథెరపీ: అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో కీమోథెరపీ ఇచ్చే వైద్యునిగా, పల్నాడు నుంచీ బాపట్ల నుంచీ వచ్చే రోగుల బంధువుల నోట నేను తరచుగా వినే ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, ఒంట్లో సహజంగా పుట్టే హార్మోనేదో కీమోతో కలిపి ఇస్తే మందు బాగా పనిచేస్తుందట కదా, మనమూ వాడదామా?" వారి ఆశను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే ఆ ఆలోచనకు శాస్త్రీయమైన పునాది నిజంగానే ఉంది.

అపోహ: సహజమైన హార్మోను కనుక మేలు చేయకపోయినా కీడు చేయదు.

వాస్తవం: మనం తీసుకునే విటమిన్ డి కాలేయంలోనూ ఆపైన మూత్రపిండాలలోనూ మార్పు చెంది కాల్సిట్రయాల్ అనే హార్మోను అవుతుంది. ప్రయోగశాలలో అది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల విభజనను నిలువరించి, డోసిటాక్సెల్ అనే కీమో మందుకు బలం చేకూర్చింది. 250 మంది పురుషులతో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనంలో, రెండూ కలిపి తీసుకున్నవారు ఎక్కువ కాలం జీవించినట్లు కనిపించింది. అయితే దానిని నిర్ధారించుకోవడానికి 953 మందితో చేపట్టిన పెద్ద అధ్యయనంలో, హార్మోను తీసుకున్న వర్గంలోనే మరణాలు ఎక్కువగా ఉండటంతో దానిని మధ్యలోనే ఆపివేశారు. మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, ఆ వర్గంలో 17.8 నెలలు, మిగిలినవారిలో 20.2 నెలలు. హార్మోను వర్గానికి డోసిటాక్సెల్‌ను వారానికోసారి, మిగిలినవారికి మూడు వారాలకోసారి ఇచ్చారు కాబట్టి దోషమంతా హార్మోనుదేనని నేను అనను. ఏదైనా, తొలి ఫలితం చూసి మందుల షాపుకు పరుగెత్తి ఉంటే నష్టపోయేది రోగే.

అపోహ: విటమిన్ డి సాచెట్లు రోజూ వేసుకుంటే అదే ఫలితం వస్తుంది.

వాస్తవం: ఆ అధ్యయనాలలో ఇచ్చిన మోతాదు వారానికి 45 మైక్రోగ్రాముల కాల్సిట్రయాల్, అంటే మామూలుగా దొరికే 0.25 మైక్రోగ్రాముల క్యాప్సూళ్లు 180. మన దగ్గర లోపం ఉన్నవారికి వారానికోసారి వేసుకోమని రాసే 60,000 యూనిట్ల సాచెట్ వేరు. దానిని రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి, మూత్రపిండాలు బాగుంటేనే ఇవ్వగల సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందులు ఆగిపోతాయి.

అపోహ: నిద్రకు వాడే మెలటోనిన్ క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుంది.

వాస్తవం: కెనడాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయిన 709 మందిపై జరిగిన అధ్యయనంలో, ఏడాదిపాటు రోజూ రాత్రి 20 మిల్లీగ్రాములు ఇచ్చినా, రెండేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు.

అపోహ: రక్తం పెంచే హార్మోను ఇంజెక్షన్ ఎంత ఎక్కువ ఇస్తే అంత బలం.

వాస్తవం: మూత్రపిండాలు తయారుచేసే ఎరిత్రోపొయిటిన్‌తో హిమోగ్లోబిన్‌ను 12కు మించి పెంచబోయిన కొన్ని అధ్యయనాలలో మరణాలూ కణితి పెరుగుదలా ఎక్కువయ్యాయి. అందుకే 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందుపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

అపోహ: కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు అనవసరం, మానేయవచ్చు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. అడ్రినల్ గ్రంథి తయారుచేసే కార్టిసాల్ పోలికతో రూపొందించిన ప్రెడ్నిసొలోన్, లింఫోమా (శోషరస గ్రంథుల క్యాన్సర్) చికిత్సలో తానే క్యాన్సర్ కణాలను చంపుతుంది. అది కీమోకు తోడు మాత్రమే కాదు, కీమోలో భాగం. డోసిటాక్సెల్‌కు ముందు రోజు మొదలుపెట్టి మూడు రోజులు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అలర్జీనీ ఒంట్లో నీరు చేరడాన్నీ తగ్గిస్తుంది. షుగర్ పెరుగుతోందని భయపడి మాత్రలు మానేసి, ఆ సంగతి చెప్పకుండా సెలైన్ పెట్టించుకునేవారు ఉన్నారు. దయచేసి ఆ ఒక్క మాట సూది పెట్టకముందే నర్సుతో చెప్పండి. షుగర్ మందు మోతాదు మార్చుకోవచ్చు, కీమోను ఒక రోజు వాయిదా వేసుకోవచ్చు.