నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్, ఎంఆర్‌ఐ: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఏ హత్యకేసైనా టీవీ స్క్రోలింగ్‌లోకి ఎక్కితే చాలు, "నార్కో చేసేస్తే తేలిపోతుంది కదా" అన్న మాట జగదాంబ సెంటర్ టీకొట్టు నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు దాకా వినిపిస్తుంది. ఈ పరీక్షలు ఏం చెప్పగలవో, కోర్టులో ఎంతవరకు నిలుస్తాయో చూద్దాం.

అపోహ: సూది వేస్తే నిజం కక్కేస్తాడు

నార్కోలో ఎక్కించేది సాధారణంగా థయోపెంటాల్ సోడియం, ఆపరేషన్లకు మత్తుగా వాడిన మందే. కొద్దికొద్దిగా ఎక్కిస్తే మనిషి మగతలోకి జారతాడు, బిగువు సడలుతుంది, మాటలు ఎక్కువవుతాయి. ఆ స్థితిలో ప్రశ్నలో ఏ సూచన ఉంటే దాన్నే పట్టుకుంటాడు. "కత్తి ఎక్కడ దాచావు?" అని అడిగితే, కత్తి ఉన్నట్టే జవాబు మొదలవుతుంది. చూసింది, విన్నది, భయపడింది, ఊహించింది అన్నీ కలగలిసి వస్తాయి. వాటిని విడదీసే పద్ధతి లేదు.

మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. మత్తు డాక్టరు, ఆక్సిజన్, గొంతులో గొట్టం వేసే సామగ్రి పక్కనే ఉండాలి. కడుపు ఖాళీగా ఉండాలి. పోర్ఫిరియా అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లకు ఈ మందు అసలు ఇవ్వకూడదు.

అపోహ: జడ్జిగారు సరేనంటే బలవంతంగానైనా చేయొచ్చు

కుదరదు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నార్కో, పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్), బ్రెయిన్ మ్యాపింగ్ మూడింటికీ వర్తిస్తుంది. ఇష్టం లేనివాడిపై ఇవి చేస్తే, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా బలవంతపెట్టకూడదనే 20(3), జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛలను కాపాడే 21 రాజ్యాంగ అధికరణాలను ఉల్లంఘించినట్టే. ఇష్టపడి చేయించుకున్నా, ఆ ఫలితాన్నే సాక్ష్యంగా తీసుకోరు. దాని సాయంతో తర్వాత ఏదైనా వస్తువు దొరికితే దాన్ని మాత్రం పరిశీలిస్తారు. పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ కింద ఉన్న ఈ వెసులుబాటు ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌లో ఉంది.

సమ్మతి అంటే స్టేషన్‌లో తెల్లకాగితం మీద సంతకం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో పాలీగ్రాఫ్‌కు ఇచ్చిన మార్గదర్శకాలనే మిగతా రెండింటికీ పాటించాలని సెల్వి తీర్పు చెప్పింది. ముందుగా లాయరుతో మాట్లాడనివ్వాలి. ఒంటికీ మనసుకూ ఏమవుతుందో, కేసుపరంగా ఏమవుతుందో విడమర్చి చెప్పాలి. సమ్మతిని మేజిస్ట్రేట్ ముందు, లాయరు ఉండగా నమోదు చేయాలి. ఎన్నిరోజులుగా కస్టడీలో ఉన్నాడు, విచారణ ఎలా సాగింది అన్నది మేజిస్ట్రేట్ చూడాలి. పరీక్ష స్వతంత్ర సంస్థలో జరగాలి.

లాయరును పెట్టుకునే స్తోమత లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

దీనికి తిరగబడ్డ అపోహ ఇంకొకటి: "మావాడే అడుగుతున్నాడు కాబట్టి నార్కో చేయాల్సిందే." అలా పట్టుబట్టే తిరుగులేని హక్కు లేదని 2025 జూన్‌లో అమ్లేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిందితుడు తన వైపు సాక్ష్యం పెట్టుకునే దశలో అడగొచ్చు, అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయిస్తుంది.

అపోహ: నేరం చేసినట్టు బ్రెయిన్ మ్యాపింగ్ చూపిస్తుంది

ఎక్కువ గందరగోళం ఇక్కడే. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) తీస్తూ పదాలో బొమ్మలో చూపిస్తారు. తనకు అర్థవంతమైనది కనిపిస్తే సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత ఒక తరంగం లేస్తుంది. దాన్నే పీ300 అంటారు. ఆ వస్తువు తెలుసు అన్నంతవరకే అది చెప్పగలదు. ఎలా తెలుసో చెప్పలేదు.

ఎంవీపీ కాలనీలో దోపిడీ జరిగిందనుకోండి. తెరమీద సుత్తి, స్క్రూడ్రైవర్, ఇనుప రాడ్, కొడవలి, గొడ్డలి చూపిస్తారు. నిజంగా వాడింది స్క్రూడ్రైవర్. ఏమీ తెలియనివాడికి ఐదూ ఒకటే, కాకతాళీయంగా స్క్రూడ్రైవర్‌కే ఎక్కువ స్పందన వచ్చే అవకాశం 5లో 1. ఇలాంటి ప్రశ్నలు మూడు వేస్తే మూడింటికీ అలా రావడం 125లో 1. లెక్క ముచ్చటగానే ఉంది. కానీ విచారణలో ఎవరో "స్క్రూడ్రైవర్ ఎక్కడ్రా?" అని ఒక్కసారి అరిచినా, పేపర్లో ఆ ముక్క పడినా లెక్క మొత్తం చెడిపోతుంది. అమాయకుడికీ తరంగం లేస్తుంది. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే, ఈ వివరం నిందితుడికి అంతకుముందే ఎవరి ద్వారానైనా తెలిసిందా అని అడగాలి. బయటికి పొక్కని వివరాలు మిగలకపోతే పరీక్ష పెట్టడమే దండగ.

యంత్రం దగ్గరా చిక్కులున్నాయి. పీ300 కొన్ని మైక్రోవోల్టులే; ఒక్క కనురెప్పపాటు దానికి ఎన్నోరెట్లు పెద్ద సంకేతం ఇస్తుంది. కంటి దగ్గర వేరే ఎలక్ట్రోడ్లు పెట్టి ఆ భాగాలను తీసేయాలి, ఒకే బొమ్మను పదేపదే చూపి సగటు తీయాలి. తలకు కొబ్బరినూనె ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగ్గా అంటుకోవు, ముందు నూనె పోయేలా తలస్నానం చేయాలి. రెండు రాత్రులు నిద్ర లేనివాడి రికార్డింగ్‌ను నమ్మలేం. ప్రతి మామూలు బొమ్మకూ కాలివేలు కదపడం లాంటి రహస్య పనులతో ఈ పరీక్షను బోల్తా కొట్టించవచ్చని పరిశోధనల్లో తేలింది.

మన దేశంలో తయారైన బీఈఓఎస్ అనే బ్రెయిన్ మ్యాపింగ్ పద్ధతి ఇంకో అడుగు ముందుకేసి, ఆ పని స్వయంగా చేసిన అనుభవం ఉందో లేదో చెబుతానంటుంది. 2008లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్యకేసులో దీన్ని కూడా ఆధారాల్లో ఒకటిగా తీసుకుని శిక్ష వేసింది. అదే ఏడాది బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ డైరెక్టర్ నేతృత్వంలోని నిపుణుల కమిటీ దీనికి శాస్త్రీయత లేదని తేల్చింది. మా అభిప్రాయమూ అదే.

అపోహ: పాలీగ్రాఫ్ మెదడును చదువుతుంది

చదవదు. ఊపిరి, రక్తపోటు, వేళ్ల చెమట కొలుస్తుంది. అబద్ధానికీ పోలీసు భయానికీ అది తేడా చెప్పలేదు.

అపోహ: ఎంఆర్‌ఐలో మచ్చ ఉంటే శిక్ష తప్పుతుంది

మతిస్థిమితం లేనివాళ్లకు శిక్ష నుంచి మినహాయింపునిచ్చే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అడిగేది ఒక్కటే: మతిస్థిమితం లేక ఆ క్షణంలో తను చేస్తున్నదేమిటో, అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? అమెరికాలో ఒక ఉపాధ్యాయుడికి నుదుటి వెనక గడ్డ పెరిగి లైంగిక ప్రవర్తన దారి తప్పింది. గడ్డ తీస్తే తగ్గింది, మళ్లీ పెరిగితే తిరిగొచ్చింది. 2003లో ప్రచురితమైన కేసు ఇది. మెదడుకూ ప్రవర్తనకూ లంకె ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. అయినా చేస్తున్నది తప్పని అతనికి తెలుసు. 22వ సెక్షన్ కొలతకు అది సరిపోదు.

కోర్టులో పనికొచ్చేవి స్కాన్‌కంటే సాదాసీదా కాగితాలు. చినవాల్తేరు మానసిక వైద్యశాలలోనో కేజీహెచ్‌లోనో ఘటనకు ముందు తీసుకున్న ఓపీ చీటీలు, మందుల బిల్లులు, ఆరోజు ముందూ వెనకా అతని తీరు చూసినవాళ్ల మాటలు. అరెస్టయ్యాక మొదటిసారి రాయించిన సర్టిఫికెట్‌కు బలం తక్కువ. నిరూపించే భారం నిందితుడిదే, అయితే ప్రాసిక్యూషన్‌లా సందేహాతీతంగా కాదు, సంభావ్యత మేరకు చాలు. ఇప్పుడు విచారణను అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే అది వేరే సంగతి. నాగరిక్ సురక్షా సంహిత 367, 368 సెక్షన్ల కింద విచారణ వాయిదా పడుతుంది.

అపోహ: పదిహేడేళ్లవాడి మెదడు ఎదిగిందో లేదో స్కాన్ తీసి పెద్దల కోర్టుకు పంపొచ్చు

మెదడు ముందుభాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుందన్నది గుంపుల సగటు. ఒక కుర్రాడి స్కాన్ చూసి అతను ఎక్కడున్నాడో చెప్పలేం. 16 నుంచి 18 ఏళ్లవాళ్లపై ఘోర నేరారోపణ ఉంటే పెద్దవాడిలా విచారించాలా అన్నది తేల్చడానికి జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. తొలిసారి హాజరుపరిచిన 3 నెలల్లో అది పూర్తి కావాలి. బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివి ప్రాక్టీసు చేస్తున్నవారు లేకపోతే బయటి నిపుణుల సాయం తప్పక తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వయసు మీదే వివాదమైతే ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్, తర్వాత మున్సిపల్ జనన ధ్రువపత్రం. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష.