నొప్పి లేని గడ్డ, తీసేసిన గర్భసంచి: క్యాన్సర్ పరీక్షల చుట్టూ అపోహలు, వాస్తవాలు

చిత్తూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. గర్భాశయ ముఖద్వారం, రొమ్ము, నోరు, ఈ మూడు చోట్ల వచ్చే క్యాన్సర్లను ముందే పసిగట్టే పరీక్షల గది నా బాధ్యత. ముప్పై ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ కార్యక్రమంలో ఈ పరీక్షలు ఉచితం. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటి గుమ్మం దాకా వచ్చి పిలుస్తారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 30–49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామని చెప్పినవారు 1.9 శాతం మాత్రమే. రొమ్ము పరీక్షకైతే 0.9 శాతం. దూరం, ఖర్చు, సిగ్గు, అన్నీ కారణాలే. కానీ నా గదిలో రోజూ ఎదురయ్యేవి మాటలు. తరతరాలుగా నమ్మిన మాటలు. వాటికి ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

అపోహ: "నాకే జబ్బూ లేదు, నాకెందుకు పరీక్ష?"

జబ్బు లేనివారి కోసమే ఈ పరీక్ష. రక్తస్రావం, దుర్వాసన, నడుము నొప్పి మొదలయ్యాక చేసేది జబ్బును నిర్ధారించే పరీక్ష, దాని దారి వేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్క రోజులో పుట్టదు. హెచ్‌పీవీ అనే వైరస్ సోకి, అది ఒంట్లో తిష్ట వేసి, కణాలలో మార్పులు వచ్చి, అవి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నేళ్ళూ మనిషికి ఏ బాధా తెలియదు. ఆ మార్పుల దశలోనే పట్టుకుంటే చిన్న చికిత్సతో అక్కడికక్కడే తీసేయవచ్చు, క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు. ఇంత సమయమిచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ.

మేము చేసే పరీక్షలో కోత లేదు, సూది లేదు. ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, అద్ది ఒక నిమిషం ఆగి చూస్తాం. మార్పు ఉన్నచోట తెల్లటి మచ్చ కనబడుతుంది. కొంచెం చురుక్కుమనవచ్చు, అంతే. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలకు పనికి వెళ్ళే ఆడవాళ్ళు "సీజన్ అయ్యాక వస్తాను" అంటారు. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే కాబట్టి పనికి వెళ్ళే ముందే వచ్చిపొమ్మని చెబుతుంటాను. ముట్టు రోజుల్లో మాత్రం రావద్దు.

ముట్లు ఆగిపోయినవారికి ఒక మాట. వయసుతో ఈ మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది, కంటితో చూసే పరీక్షకు సరిగ్గా అందదు. వారికి ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష మేలు. ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా మాత్రం ఏ శిబిరం కోసమూ ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. "మళ్ళీ ముట్టు వచ్చింది" అని సంబరపడిన అవ్వలను చూశాను. అది ముట్టు కాదు.

అపోహ: "గర్భసంచి తీయించేస్తే ఇక క్యాన్సర్ భయం ఉండదు"

ఈ మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంటుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. నలభై నిండకుండానే తీయించుకున్నవారు నా గదికి వస్తూనే ఉంటారు. ఎందుకు తీశారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "తెల్లబట్ట అవుతోందంటే, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు."

తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. కొంత తెల్లబట్ట ప్రతి స్త్రీకీ సహజం. దురద, వాసన, రంగు మారడం ఉంటే ఎక్కువ సందర్భాల్లో అది ఇన్‌ఫెక్షన్, మాత్రలతో తగ్గుతుంది. రక్తం కలిసిన స్రావం, విడవకుండా దుర్వాసన, భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనబడటం వేరే సంగతి. అప్పుడు పరీక్ష కావాలి. ముందు పరీక్ష చేయాలి, ఆపరేషన్ మాట ఆ తర్వాత.

ఇందులో నన్ను బాగా బాధపెట్టేది మరొకటి ఉంది. ముఖద్వారంలో అప్పటికే క్యాన్సర్ ఉందని తెలియక, ఏ పరీక్షా లేకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేస్తే వైద్యం చిక్కుల్లో పడుతుంది. ఈ క్యాన్సర్‌కు చేయవలసిన ఆపరేషన్ వేరు, చుట్టూ తీయవలసిన భాగాలు వేరు. దశను బట్టి కొందరికి ఆపరేషన్ అసలు పనికిరాదు, రేడియేషనే సరైన వైద్యం. తొందరపడి తీసేశాక ఎంత పాకిందో తేల్చడం కష్టమవుతుంది. కాబట్టి ఎవరైనా గర్భసంచి తీస్తామంటే రెండు ప్రశ్నలు అడగండి: ముందు ముఖద్వార పరీక్ష చేశారా? తీసినదాన్ని ల్యాబుకు పంపుతారా? ఆ రిపోర్టును ఇంటి పట్టా కాగితంతో సమానంగా దాచుకోండి.

అండాశయాలు కూడా చిన్న వయసులో తీసేస్తే ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఇక తీయించుకున్నవారికి రొమ్ము పరీక్ష అవసరం ఎప్పటిలాగే ఉంటుంది. ముఖద్వారాన్ని వదిలి పై భాగం మాత్రమే తీసివుంటే ముఖద్వార పరీక్షా కావాలి. ఏది తీశారో చాలామందికి తెలియదు. అది తెలుసుకోవడం మీ హక్కు.

అపోహ: "నొప్పి లేని గడ్డ ఏమీ చేయదు"

రొమ్ములో క్యాన్సర్ గడ్డ తొలి దశలో చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి పెట్టే గడ్డకు అందరూ పరుగెత్తుకొస్తారు. అందులో ఎక్కువ భాగం చీము గడ్డలు, ముట్టుకు ముందు వచ్చే వాపులు. గోళీకాయలా గట్టిగా, కదలకుండా, ఏ బాధా పెట్టకుండా ఉన్న గడ్డను మాత్రం ఏడాది పాటు చీర కొంగు చాటున దాస్తారు. చనుమొన లోపలికి లాగుకుపోవడం, దాని నుంచి రక్తం రావడం, చర్మం సొట్టపడటం, చంకలో బిళ్ళ కట్టడం, వీటిలో ఏది కనబడినా ఆ వారంలోనే చూపించుకోండి.

"పెద్ద మిషను లేని ఆసుపత్రిలో నర్సు చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది?" అని మొహం మీదే అడిగేవారున్నారు. మంచి ప్రశ్న. ముంబైలో లక్షన్నర మందికి పైగా స్త్రీలతో ఇరవై ఏళ్ళు సాగిన అధ్యయనం 2021లో వెలువడింది. అక్కడ రెండేళ్ళకోసారి చేతులతో రొమ్ము పరీక్ష చేసింది శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాలు అలా తగ్గలేదు, కానీ జబ్బు ముదరకముందే బయటపడింది. నేర్చిన చేతికి విలువ ఉంది.

"నేను పిల్లలకు పాలిచ్చాను, నాకు రాదు" అనేది సగం నిజం. పాలివ్వడం ముప్పును కొంత తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. "మా వంశంలో ఎవరికీ లేదు" అనేదీ అంతే. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి పదిలో ఒకటి కూడా మించవు.

అపోహ: "ముక్క తీస్తే, కత్తి పెడితే ఒళ్ళంతా పాకుతుంది"

ఎంతమంది ప్రాణాలు తీసిందో లెక్కలేని మాట ఇది. రొమ్ము గడ్డలో పరీక్ష కోసం సూదితో ముక్క తీయడం (బయాప్సీ) వల్ల జబ్బు ఒళ్ళంతా పాకుతుందనడానికి ఆధారం లేదు. ఈ నమ్మకం ఎలా పుట్టిందో మాత్రం నాకు అర్థమవుతుంది. ఆలస్యంగా వచ్చినవారికి అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. ముక్క తీసిన కొద్ది నెలలకే వారు పోతారు. ఊరివారికి గుర్తుండేది ముక్క తీయడమే. అంతకుముందు ఆకు పసర్లతో, కట్లతో గడిచిన నెలలు ఎవరి లెక్కలోకీ రావు.

నిజంగా నష్టం చేసేది దీనికి పూర్తిగా తిరగేసిన పని: సూది పరీక్ష లేకుండా గడ్డను నేరుగా కోసి తీసేయడం. క్యాన్సరని తెలిసివుంటే ఎంత మేర తీయాలి, చంకలో బిళ్ళలను ఏం చేయాలి, ముందు మందులిచ్చి గడ్డను చిన్నది చేయాలా, ఇవన్నీ ముందే ఆలోచించేవారు. ముక్క పరీక్షలో ఏ రకం క్యాన్సరో, హార్మోన్ మందులకు లొంగుతుందో లేదో తెలుస్తుంది. అది తెలియనిదే వైద్యం గుడ్డిదవుతుంది. కొన్ని అవయవాల విషయంలో ముక్క తీయకుండా వేరే దారిలో వెళ్ళవలసి వస్తుంది. అది నిపుణులకు తెలుసు.

అపోహ: "పరీక్షలో తేడా వచ్చిందంటే క్యాన్సరే"

కాదు. తెల్ల మచ్చ కనబడినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కొందరికి ఇన్‌ఫెక్షన్, కొందరికి క్యాన్సర్ కాకముందు మార్పు. ఆ మార్పును వేడితోనో చలితోనో మాడ్చేస్తారు, లేదా కరెంటుతో వేడెక్కే సన్నని తీగతో తీసేస్తారు. ఎక్కువమంది ఆ సాయంత్రానికే ఇంటికి వెళ్తారు. తేడా ఉందని చెప్పగానే భయపడి ఫోను కూడా ఎత్తనివారు నన్ను కలతపెడతారు. ఆ తర్వాతి పరీక్షకు రాకపోతే మొదటి పరీక్ష చేసి ప్రయోజనం లేదు.

అపోహ: "హెచ్‌పీవీ అంటే చెడు తిరుగుళ్ళ వల్ల వచ్చేది, మా ఇంటి ఆడపిల్లకు టీకా ఎందుకు?"

పెళ్ళయి కాపురం చేసేవారిలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకసారి ఈ వైరస్ సోకుతుంది. భర్త నుంచి భార్యకు, భార్య నుంచి భర్తకు. ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలోనే ప్రమాదం. ఇందులో ఎవరి నడవడిక గురించీ తీర్పు లేదు. ఈ మాటను ముందు అత్తలకు చెబుతాను, తర్వాత కోడళ్ళకు.

ఈ వైరస్‌కూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని కనుగొన్నందుకే హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. పదహారు, పద్దెనిమిది నంబర్ల రకాలు రెండే సుమారు 70 శాతం ముఖద్వార క్యాన్సర్లకు కారణం. టీకా వాటిని అడ్డుకుంటుంది. వైరస్ సోకకముందు వేయాలి కాబట్టి 9–14 ఏళ్ళ వయసు మంచిది. సంతానం కలగకుండా చేస్తుందన్నది వట్టి పుకారు. మన దేశంలోనే తయారైన సర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, చిన్న వయసు ఆడపిల్లలకు ఒక్క డోసు కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఖమ్మం సంగతి ఎత్తేవారికి నేరుగా జవాబు చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో అక్కడ ఈ టీకా ఇచ్చిన కార్యక్రమాన్ని 2010లో ఆపేశారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరి మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత అనుమతి పత్రాల మీద సంతకాలు చేయించడం వంటి తప్పులు బయటపడ్డాయి. ఆ కోపం న్యాయమైనది. అందుకే మీ పాప టీకా గురించి అన్నీ అడిగి, అర్థం చేసుకుని, మీరే సంతకం పెట్టండి. టీకా వేసుకున్నా ముప్పై దాటాక పరీక్ష మాత్రం మానకూడదు.

అపోహ: "పొగాకు లేదు, ఉత్త వక్కే కదా"

పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ఎప్పుడో ఆ జాబితాలో చేర్చింది. వక్క పొడి ప్యాకెట్లు, గుట్కా నమిలే యువకుల్లో మొదట కనబడేది నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం. మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టకపోతే, ఊరగాయ నోట పెట్టగానే మంటెత్తితే, బుగ్గ లోపల తెల్లగానో ఎర్రగానో మచ్చ ఉంటే, మూడు వారాలకు కూడా మానని పుండు ఉంటే చూపించుకోండి. మగవారు మా గది దాకా రావడం అరుదు. భార్యను తోడు తీసుకొచ్చి బయట నిలబడిన వారినే పిలిచి నోరు తెరవమంటుంటాను.

అపోహ: "వచ్చిందంటే అంతే. ఉన్న రెండెకరాలూ పోతాయి, మనిషీ దక్కదు"

క్యాన్సర్ అంటురోగం కాదు. రోగి పళ్ళెం, పడక వేరు చేయనక్కరలేదు. ఊళ్ళలో కరెంటు పెట్టడం అనే రేడియేషన్‌లో విద్యుత్ షాకు ఉండదు. బయటి యంత్రంతో ఇచ్చాక ఇంటికి వెళ్ళి పసిబిడ్డను ఎత్తుకున్నా బిడ్డకు ఏమీ కాదు. ముఖద్వార క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు బయటి నుంచి ఇస్తారు, వారానికోసారి కీమో మందు ఎక్కిస్తారు, చివర్లో లోపలి నుంచి మరికొంత రేడియేషన్ ఉంటుంది. మధ్యలో మానేస్తే నష్టం చాలా ఎక్కువ. అందుకే మొదలుపెట్టే ముందే ఆ అయిదారు వారాలు ఎక్కడ ఉండాలి, ఇంట్లో పాడి ఎవరు చూస్తారు అనేది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలి. కీమోతో జుట్టు రాలుతుందని ఏడ్చేవారికి ఒక పేషెంటు చెప్పిన మాట చెబుతాను: "ముందే కొండకెళ్ళి స్వామికిచ్చేశాను, రాలడానికేమీ మిగల్లేదు." గుండు చేయించుకున్న ఆడవారిని వింతగా చూసే ఊరు కాదు తిరుపతి.

ఖర్చు భయం గురించి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. వైద్యం కోసం వెల్లూరు దాకా పోయేవారు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నారు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది. అలిపిరి దగ్గర దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ప్రారంభమైంది.

ఎక్కడికి వెళ్ళినా ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్ళండి. ముక్క తీసి ఉంటే ల్యాబులో దాని గాజు స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బిళ్ళ ఉంటాయి. అడిగితే ఇస్తారు. అవి చేతిలో ఉంటే కొత్త ఆసుపత్రిలో చాలాసార్లు రెండోసారి ముక్క తీయవలసిన పని ఉండదు, వారం పది రోజులు కలిసొస్తాయి.