వేరే గ్రహం కథ, కడప బండల గది: సైన్స్ ఫిక్షన్ ఆడియో నాటకంపై అపోహలు – వాస్తవాలు

దేవుడి పేరు చెప్పి ఏలే ఓ గ్రహం, అక్కడ నీళ్లకు కావలి కాసే పూజారులు, వాళ్లకు ఎదురు తిరిగే ఓ పిల్ల. ఇట్లాంటి కథను ఆడియో నాటకంగా చేద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ మైకు కొనాలని. తర్వాత ఎఫెక్టులు ఎక్కడ దొరుకుతాయని. ఆ లోకంలో పెత్తనం ఎవరిదో కంటికి కనపడని శ్రోతకు ఎట్లా తెలుస్తుందన్న ప్రశ్న మాత్రం ఎడిటింగ్ దాకా రాదు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

అపోహ: వింత శబ్దాలు దట్టిస్తే వేరే గ్రహం అయిపోతుంది.

చెవి ముందుగా పట్టేది గాలిని, గదిని. అంగారకుడినే తీసుకోండి. అక్కడి గాలి ఒత్తిడి మన భూమ్మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. ఉన్న కాస్త గాలీ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే, అది హెచ్చు స్థాయి శబ్దాలను మింగేస్తుంది. 2021లో దిగిన పర్సెవరెన్స్ రోవర్ మైకుల వల్ల తేలిందేమంటే, అక్కడ శబ్దం సెకనుకు సుమారు 240 మీటర్ల వేగంతో పోతుంది. మన దగ్గర 20 డిగ్రీల వేడిలో అది 343 మీటర్లు. శని ఉపగ్రహం టైటాన్ మీద కథ తిరగబడుతుంది: అక్కడ గాలి ఒత్తిడి మనకంటే ఒకటిన్నర రెట్లు, శబ్దం బాగా సాగుతుంది.

కాబట్టి మీ గ్రహం గాలి పలచనిదా చిక్కనిదా ముందే తేల్చుకోండి. పలచనిదైతే ఆరుబయట శబ్దాలన్నిటికీ 4 కిలోహెర్ట్జ్ పైన కోత పెట్టి, దూరం పెరిగేకొద్దీ ఆ గీతను ఇంకా కిందికి దించండి. హెల్మెట్ లోపలి రేడియో మాటకు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య భాగం మాత్రం ఉంచితే చాలు. మొదటి భాగంలో పెట్టుకున్న నియమం ఆఖరి భాగం దాకా మారకూడదు. మూడో భాగంలో అదే మైదానంలో గొంతులు గలగలమంటే శ్రోత కారణం చెప్పలేడు గానీ నమ్మడం మానేస్తాడు.

అడుగుల చప్పుడుకు డబ్బులు పెట్టి ఎఫెక్టులు కొనక్కర్లేదు. ట్రేలో రెండు వేళ్ల మందాన శెనక్కాయ పొట్టు (కర్నూలు వైపు బుడ్డల పొట్టు అంటారు) పోసి తొక్కితే పెళుసు నేల. కార్న్‌ఫ్లోర్‌ను (మొక్కజొన్న గంజిపిండి) గుడ్డసంచిలో కట్టి పిసికితే మెత్తటి ధూళి, మంచు.

అపోహ: స్టూడియో లేకుంటే ఈ పని కాదు.

కడప బండలు పరిచిన కాంక్రీటు ఇల్లు రికార్డింగుకు పగ. చప్పట్లు ఒకసారి కొట్టి చూడండి. వెనకనే టంగుమని తోక వినిపిస్తే ఆ గది పనికిరాదు. గోడలకు గుడ్ల అట్టలు అంటించడం వల్ల ఒరిగేది చాలా తక్కువ. నటుడి వెనక, రెండు పక్కల, కాళ్ల కింద బరువైన బొంతలు పరవండి, వేలాడదీయండి. నాలుగైదు బొంతలతోనే తోక చాలావరకు తగ్గుతుంది. పాత మట్టిమిద్దె దొరికితే ఇంకా మేలు. దూలాలు, ఎగుడుదిగుడు గోడలు శబ్దాన్ని చెదరగొడతాయి.

మైకుకు నోటికి జానెడు లోపు దూరం, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు, కాస్త పక్కకు వాలుగా. రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. అరుపులు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవల్ పెట్టుకోండి. ఎండాకాలం ఇక్కడ ఫ్యాను ఆపి మధ్యాహ్నం రికార్డింగు పెట్టడమంటే నటులను ఉడకబెట్టడమే. తెల్లవారుజామున 4 నుంచి 7 లోపల ముగించుకోండి. ఫ్రిజ్ ప్లగ్గు తీయడం మర్చిపోవద్దు. ప్రతి గదిలోనూ ఎవరూ మాట్లాడకుండా 60 సెకన్ల ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, ఎడిటింగులో అతుకులు కప్పేది అదే.

అన్నిటికంటే పెద్ద తప్పు నాయిస్ గేటు (చిన్న శబ్దాలను దానంతటదే మూసేసే సాధనం) దగ్గర జరుగుతుంది. ఫోన్లలో ఆటోమేటిక్‌గా ఉండే నాయిస్ తగ్గింపు కూడా అదే పని చేస్తుంది. గొంతు తగ్గిన చోటల్లా కోసేస్తుంది. తెలుగులో గొంతు తగ్గేది వాక్యం చివర. ఎవరు, ఎంత గౌరవంతో అన్నది ఉండేదీ అక్కడే. "వచ్చినాడు", "వచ్చినారు" మధ్య తేడా ఒక్క చివరి అక్షరం. నిన్నటిదాకా ప్రధాన పూజారిని "వచ్చినారు" అన్న బంటు ఈరోజు "వచ్చినాడు" అంటే మీ కథలో తిరుగుబాటు మొదలైనట్టు. గేటు ఆ "డు"ని మింగేస్తే దృశ్యమే పోయింది. గేటు వాడొద్దు, ఊపిరి చప్పుళ్లను చేత్తో తగ్గించండి.

అపోహ: దేవుడి గొంతుకు బరువు, ప్రతిధ్వని తప్పనిసరి.

ప్రతిధ్వని అంటే దూరం. పెత్తనం దగ్గరగా వినిపించాలి. దైవవాణికి మైకును 5 నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర పెట్టి మెల్లగా పలికించండి. కార్డియాయిడ్ మైకు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) అంత దగ్గరయితే గొంతులో కింది స్థాయి దానంతటదే బలపడుతుంది. అదే దృశ్యంలో భక్తులను మీటరు దూరంలో నిలబెట్టండి. ఎవరు ఎవరి చెవిలో ఉన్నారో శ్రోతకు ఒక్క మాట చెప్పకుండానే తెలిసిపోతుంది.

గొంతు స్థాయి దించాలనే పట్టుదల ఉంటే రెండు సెమీటోన్ల (అర స్వరాల) దగ్గర ఆగండి. నాలుగు దాటితే వత్తులు, ద్విత్వాలు ముద్దయిపోతాయి. గుడి మండపం దృశ్యానికి ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఆలస్యం) 20 నుంచి 40 మిల్లీసెకన్లు, రివర్బ్ (కలిపే ప్రతిధ్వని) 15 శాతానికి మించకుండా. నిజమైన గుహ ప్రతిధ్వని కావాలంటే బెలుం గుహలున్నాయి, మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. అనుమతి తీసుకుని, జనం లేని వేళ బెలూన్ పగలగొట్టి రికార్డు చేస్తే ఆ ముద్రను కన్వల్యూషన్ రివర్బ్‌లో (ఒక చోటి ప్రతిధ్వనిని ఏ గొంతుకైనా అద్దే సాఫ్ట్‌వేర్) వాడుకోవచ్చు. మైకు, బెలూన్ మధ్య కనీసం నాలుగైదు మీటర్లు ఉంచండి, లేకుంటే ఆ పేలుడుకు లెవల్ పగిలిపోతుంది.

అపోహ: సైన్స్ ఫిక్షన్ కదా, చివర్లో పూజారి మోసం బయటపడాలి.

దేవుడి విగ్రహం వెనక యంత్రం దొరికింది అనే ముగింపు శ్రోత రెండో భాగంలోనే పసిగడతాడు. విశ్వాసం అంత సులువుగా రెండు గీతల మధ్య కూర్చోదు. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. అనంతపురం వైపు గూగూడులో పీర్ల పండగకు హిందువులూ ముస్లింలూ కలిసే కదులుతారు. వీటిలో దేన్నీ మోసం, అమాయకత్వం అన్న మాటలతో వివరించలేం.

జోస్యం పెట్టాలనుకుంటే కాలజ్ఞానాన్ని జనం ఎట్లా వాడతారో గమనించండి. "బ్రహ్మంగారు ఆనాడే చెప్పినారు" అనే మాట ఎప్పుడూ సంగతి జరిగిన తర్వాతే వినిపిస్తుంది. మీ గ్రహంలోనూ నాలుగు పాదాల జోస్యం ఒకటి, మొదటి భాగానికి ముందే రాసి తాళం వేయండి. పాలించేవాళ్లు, ఎదిరించేవాళ్లు ఇద్దరూ అవే పాదాలను చదవాలి. మధ్యలో అవసరానికి మార్చారో, నాటకం మొత్తం చెడుతుంది.

పెత్తనానికి మాత్రం వాడుకైన వస్తువు కావాలి. సీమలో చెరువు నీళ్లను వంతులవారీగా పారించే నీరుగంటి ఉండేవాడు. మీ గ్రహంలో ఆ పని గుడి చేతిలో ఉందనుకోండి. ఇంకో అడుగు వేయండి: 2016లో కనుగొన్న ప్రాక్సిమా బి తన నక్షత్రాన్ని 11 రోజుల్లో చుట్టేస్తుంది, ఒకే ముఖం నక్షత్రం వైపు తిప్పి ఉండే అవకాశమే ఎక్కువ. అట్లాంటి చోట సూర్యోదయం లేదు. తెల్లారిందని ఎవరో ఒకరు చెప్పాలి. పంచాంగం ఎవరి చేతిలో ఉంటే లోకం వాళ్లది.

దీన్ని వినిపించేది గంట. ఇత్తడి గంటను రికార్డు చేసి సగం వేగానికి తగ్గిస్తే ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి పెద్ద గుడిగంట అవుతుంది. మొదటి భాగంలోనే మూడు రకాలు నేర్పించండి: మేలుకొలుపుకు ఒకటి, నీటి వంతుకు రెండు, శిక్షకు ఆగని మోత. ఎప్పుడూ కుడివైపు నుంచి. ఐదో భాగంలో అదే గంట ఎడమ నుంచి, కాస్త వేగంగా మోగితే చాలు, గుడి చేతులు మారిందని డైలాగు అక్కర్లేదు. స్టీరియో మరీ పక్కకు తోయొద్దు, 40 శాతం సరిపోతుంది. ఒకే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్ల కోసమే ఆ వేగం తేడా.

అపోహ: గ్రహవాసులు గ్రాంథికం మాట్లాడాలి.

అట్లా చేస్తే పౌరాణిక నాటకం అవుతుంది. "యాడికి పోతాండావు సామీ" అనే మాటకు వేరే గ్రహంలోనూ చోటుంది. ఒకటే జాగ్రత్త: సీమ యాసను విలన్లకు, బంట్లకు తగిలించి మంచివాళ్లచేత పుస్తకాల తెలుగు పలికించే సినిమా అలవాటు ఇక్కడికి తేవొద్దు. యాసను కులానికి కాకుండా ఊరికి కట్టండి: లోయవాళ్లందరూ ఒక తీరు, గుట్టవాళ్లందరూ ఒక తీరు, పూజారైనా సరే.

కొత్త మాటలు భాగానికి మూడు మించొద్దు. "గాలివంతు" అంటే అర్థం అడగక్కర్లేదు. ఒక దృశ్యంలో నాలుగు గొంతులు మించొద్దు, పేర్లు వేర్వేరు అక్షరాలతో మొదలవ్వాలి.

అపోహ: నిమిషానికి 150 మాటల లెక్కన రాసుకోవచ్చు.

అది ఇంగ్లీషు లెక్క. మన మాటలు పొడుగు. 90, 100 దగ్గర ఆగుతుంది. 25 నిమిషాల భాగానికి, శబ్దాలకు చోటు వదిలితే, సుమారు 1,900 మాటలు.

అపోహ: హెడ్‌ఫోన్లో బాగుంటే అయిపోయినట్టే.

స్టీరియో మిక్సు మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినపడే మొత్తం గట్టితనం కొలత), పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా తీయండి. తర్వాత దాన్ని ఫోన్ స్పీకరులోనే, కిటికీలు తెరిచిన ఆర్టీసీ బస్సులో వినండి. దైవవాణి ఇంజను మోతలో మునిగితే కింది స్థాయి మరీ ఎక్కువైందన్నమాట. 120 హెర్ట్జ్ కింద మూడు డెసిబెల్స్ తగ్గించి, 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య రెండు పెంచి మళ్లీ బస్సెక్కండి.